ఒకే ఒక్క లెటర్‌హెడ్

నేను ఉద్యోగాలు చేయనట, రుచి చూస్తానట. మా బావ మాట ఇది. రెండేళ్లలో మూడు చోట్ల చేరి మూడు చోట్ల నుంచీ బయటపడ్డాను కాబట్టి, ఆయన మాటకి అడ్డు చెప్పే హక్కు నాకు లేదని ఇంట్లో అందరి అభిప్రాయం. అందరూ అంటే అక్క, బావ, వాళ్ల మూడేళ్ల పాప. పాప కూడా ఈ మధ్య పొద్దున్నే నా దుప్పటి లాగి, "పిన్నీ, ఇవాళ కూడా ఆఫీసు లేదా?" అని అడుగుతోంది.

మొదటిది కొరియర్ ఆఫీసు. ఐదు నెలలు చేశాక ఒక పొద్దున వెళ్లేసరికి షట్టర్ దించి ఉంది. గోడ మీద నోటీసైనా లేదు. రెండోది కళ్లజోళ్ల షోరూం. ఎనిమిది నెలలు ట్రైనీ అన్నారు, పర్మనెంట్ చేయాల్సిన వారంలో "ఇంకా నేర్చుకోవాలమ్మా" అని పంపేసి, నా కుర్చీలో ఇంకో ట్రైనీని కూర్చోబెట్టారు. నీకూ ఎనిమిది నెలలేనమ్మా అని ఆ పిల్ల చెవిలో వేసి వచ్చాను. మూడోది అద్దాల వర్క్‌షాపు. మొదటి రెండింటి మీద కోపం కాస్త చల్లారింది. మూడోదాని మీద చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

మా అక్క నాకు చిన్నప్పుడే చిటపట అని పేరు పెట్టింది. పేరు ఊరికే పోలేదు.

వర్క్‌షాపు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పొడుగాటి గది, రోడ్డు వైపు ఇనుప ఊచల కిటికీ, నాలుగు బల్లలు, రెండు యంత్రాలు, ఎప్పుడూ తడిగా ఉండే నేల. బయటి దుకాణాలు కళ్లజోళ్ల ఆర్డర్లు పంపుతాయి. మేము అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, తిరిగి పంపుతాం. అరగదీసేది పెద్దాయన. ముప్పై ఏళ్ల అనుభవం. బిగించేది నేను. ప్రతి కళ్లజోడు డబ్బాలో ఒక చీటీ పెట్టాలి. దాని మీద "సరిచూడబడినది" అని అచ్చు వేసి ఉంటుంది, కింద యజమాని సంతకం ఉండాలి.

యజమానికి మేము పెట్టుకున్న పేరు సంతకం సారు. ఆయన పొద్దున వచ్చి, బూట్లు విప్పకముందే చీటీల పుస్తకం ముందుకు లాక్కుని, ఒక చేత్తో ఫోను మాట్లాడుతూ ఇంకో చేత్తో వంద చీటీల మీద సంతకాలు పెట్టేసేవాడు. అద్దాలు ఇంకా యంత్రం ఎక్కలేదు, సరిచూసినట్టు సంతకం మాత్రం తయారు. మొదటి వారం నేను అడిగాను కూడా, "సార్, చూడకుండానే పెడుతున్నారేంటి?" అని. "చూసేది మీరు, పెట్టేది నేను. ఎవరి పని వాళ్లది" అన్నాడు. ఎంత చక్కగా పంచుకున్నాడో చూడండి.

నిజంగా చూసే పద్ధతి పెద్దాయన నేర్పాడు. బిగించిన కళ్లజోడును కిటికీకి ఎదురుగా పట్టుకుని, ఒక్కో అద్దంలోంచి ఇనుప ఊచను చూస్తూ అటూ ఇటూ కదిలించాలి. దూరం కనపడని వాళ్ల అద్దమైతే ఊచ కూడా అద్దంతో పాటే కదులుతుంది. పవర్ ఎక్కువైన కొద్దీ ఎక్కువ జరుగుతుంది. కుడి అద్దమేదో ఎడమ అద్దమేదో పది సెకన్లలో తెలిసిపోతుంది. "యంత్రం అబద్ధం చెప్పినా ఊచ చెప్పదు" అనేవాడు. నేను పదకొండు నెలలు ప్రతి జతనీ ఊచకి చూపించాకే డబ్బాలో పెట్టాను, ఒక్క రోజు తప్ప.

ఆ రోజు ఎక్కడో కంటి శిబిరం పెట్టారట, ఒక్కరోజులో నూట అరవై జతలు కావాలన్నారు. మధ్యాహ్నానికి నేను ముప్పై దాటలేదు. సంతకం సారు నా వెనక నిలబడి, "ఆ కిటికీ నాట్యం ఆపు. ఇవాళ్టికి బిగించి పారేయ్, చీటీలున్నాయిగా" అన్నాడు. పారేశాను. అందులో ఒక దాంట్లో కుడి అద్దం ఎడమకి, ఎడమ అద్దం కుడికి పోయింది. తప్పు చేసింది నా చేయే. ఆ మాట నేను ఎక్కడా దాచలేదు, ఇప్పుడూ దాచను. కానీ చేతిని కిటికీ దగ్గర నుంచి లాగింది ఎవరు?

అది శిబిరం జత కూడా కాదు. మామూలు ఆర్డరు, నంబరు నాలుగు వేల నూట పదిహేడు. బస్సు డ్రైవరుది. రెండు కళ్లకీ పవర్‌లో చాలా తేడా ఉన్న మనిషి. ఆయన కొత్త కళ్లజోడు పెట్టుకుని మూడు వారాలు తలనొప్పితో బండి నడిపాడు. కొత్తది కదా, అలవాటైపోతుందిలే అనుకున్నాడు. ఈలోగా డిపోలో ఏడాదికోసారి జరిగే కంటి పరీక్ష వచ్చింది. అదే కళ్లజోడుతో రెండుసార్లు కూర్చున్నాడు, రెండుసార్లూ తప్పాడు. ఆయన్ని స్టీరింగు ముందు నుంచి లేపి, గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు.

ఆయన కళ్లజోడు చేత్తో పట్టుకుని వర్క్‌షాపుకి వచ్చిన రోజునే నా ఉద్యోగం పోయింది. సంతకం సారు ఆయనకి కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, అందరూ వినేలా, "అంతా ఆ అమ్మాయి నిర్లక్ష్యం. ఇప్పుడే తీసేస్తున్నాను. మీకు సరైనది ఉచితంగా చేయిస్తాను" అన్నాడు. నేను పెద్దాయన వైపు చూశాను. కిటికీ నాట్యం ఆపమన్నప్పుడు ఆయన మూడడుగుల దూరంలో ఉన్నాడు. తేలు కుట్టిన దొంగలా యంత్రం మీదకి వంగి, ఆపేసి ఉన్న యంత్రాన్నే తుడుస్తూ ఉండిపోయాడు. ఆ రోజు నాకు యజమాని మీద కన్నా ఆ వంగిన వీపు మీదే ఎక్కువ ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి చెబితే బావ, "నిప్పు లేనిదే పొగ రాదుగా" అన్నాడు. అక్క, "పోనీలే, ఇంకోటి వెతుక్కో. అక్కడైనా నోరు అదుపులో పెట్టుకో" అంది. నేను నోరు జారి ఉద్యోగం పోగొట్టుకోలేదే. నోరు మూసుకుని చెప్పినట్టు చేసినందుకు పోయింది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇరవై రోజులు తిరిగాను. తిరగని దుకాణం లేదు. చివరికి ఒక బుధవారం, పెద్ద ఆసుపత్రి కంటి విభాగం నుంచి ఫోను వచ్చింది. కళ్లజోళ్ల గదిలో టెక్నీషియను పోస్టు. ఆ మధ్యాహ్నమే ఇంటర్వ్యూలో నాకు ఐదు జతలు ఇచ్చి తప్పున్నది తీయమంటే రెండు తీశాను. రెండే ఉన్నాయి. తీసుకుంటున్నామన్నారు. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల ఒరిజినల్ కాగితాలన్నీ ఆఫీసు గుమాస్తాకి అప్పగించాలి. కోర్సు సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, ఆఖరున పనిచేసిన చోటు నుంచి అనుభవ పత్రం. ఏది లేకపోయినా పోస్టు జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది.

అనుభవ పత్రం. అంటే మళ్లీ సంతకం సారు గుమ్మం తొక్కాలి. నన్ను తరిమిన మనిషి దగ్గరికే వెళ్లి, నేను మంచిదాన్నని రాసివ్వండి అని అడగాలి. ఆ రాత్రి అన్నం సహించలేదు. బావ అన్నం కలుపుకుంటూ, "వెళ్లి కాళ్లు పట్టుకో, తప్పేముంది? సంతకమే కదా ఆయన పెట్టాల్సింది" అన్నాడు. సంతకమే కదా. ఈ లోకంలో సగం అనర్థాలు ఆ మాటతోనే మొదలవుతాయని నా అభిప్రాయం.

గురువారం పొద్దున వెళ్లాను. వర్క్‌షాపు మెట్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా, ఒడిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత కళ్లజోడు. నేను ఆయన్ని వెంటనే గుర్తుపట్టాను. ఆ రోజు నేను బల్లల వెనక ఉన్నాను కాబట్టి ఆయన నన్ను సరిగా చూసి ఉండడు.

"లోపలికా అమ్మా? ఆయన లేడంటున్నారు. లోపలే ఉన్నాడు" అన్నాడు.

"మీరు ఎంతసేపటి నుంచి ఉన్నారు?"

"ఎంతసేపని కాదు, ఎన్నాళ్ల నుంచని అడుగు. ఆరు రోజులు. కొత్త కళ్లజోడు ఇచ్చాడు, బాగానే ఉంది. కానీ డిపోలో మళ్లీ పరీక్ష పెట్టాలంటే పాతది తప్పుగా చేశారని వీళ్లు రాసివ్వాలట. లేకపోతే నా కళ్లే పోయాయని ఖాయం చేస్తారు. రేపే ఆఖరు. డాక్టరు శుక్రవారమే వస్తాడు. ఈయనేమో నోటితో ఒప్పుకున్నాను కదా, కాగితం ఎందుకు అంటాడు." ఆయన కవరు సర్దుకున్నాడు. "నువ్వూ కాగితానికేనా?"

అవునన్నాను. అంతకు మించి చెప్పే ధైర్యం లేక లోపలికి వెళ్లిపోయాను. ఇది కూడా నేను దాచదలుచుకోలేదు.

సంతకం సారు నన్ను చూసి ఏమీ జరగనట్టు నవ్వాడు. "రా రా. ఏంటి, లెటరా? ఎక్కడ దొరికింది? ఆసుపత్రా? మంచిదే. చూశావా, నేను పంపించేశాను కాబట్టే పెద్ద చోటు దొరికింది" అన్నాడు. పుండు మీద కారం చల్లి, ఆ కారానికి మనల్నే థాంక్స్ చెప్పమనే రకం.

ఆ వర్క్‌షాపులో ఒక ఆచారం ఉంది. మానేసిన వాళ్లు తమ అనుభవ పత్రం తామే రాసుకోవాలి. ఆయన సంతకం పెడతాడు, పెద్దాయన ముద్ర వేస్తాడు. ప్రింటరులో ఇంకు ఉన్న రోజు నేను ఎన్నడూ చూడలేదు కాబట్టి చేత్తోనే రాయాలి. నాకన్నా ముందు మానేసిన వాళ్లందరూ తమంత మంచివాళ్లు లేరని తమ చేత్తోనే రాసుకుని వెళ్లారు. లెటర్‌హెడ్ కాగితాలు మాత్రం సొరుగులో తాళం వేసి ఉంటాయి. మనిషికి ఒకటే ఇస్తాడు.

"ఇదుగో. పాడుచేశావంటే ఇంకోటి లేదు" అని ఒక కాగితం తీసి ఇచ్చి, మళ్లీ తాళం వేశాడు. "బయట ఆ డ్రైవరు ఉన్నాడా ఇంకా?"

"ఉన్నాడు సార్. ఆయనకి కావాల్సింది రాసిచ్చేయొచ్చుగా?"

"రాసిస్తే రేపు దాన్ని పట్టుకుని కోర్టుకెళ్తాడు. నాకు తెలీదా? రెండ్రోజులు కూర్చుని పోతాడులే. నువ్వు నీ పని చూసుకో."

నేను నా పాత బల్ల దగ్గర కూర్చున్నాను. నా స్థానంలో ఇంకెవరూ రాలేదు. స్క్రూడ్రైవర్లు నేను పెట్టిన వరసలోనే ఉన్నాయి. కాగితం మీద పైన వర్క్‌షాపు పేరు, నీలం రంగులో కళ్లజోడు బొమ్మ. తేదీ వేశాను. "ఈమె మా వద్ద పదకొండు నెలలు అద్దాలు బిగించే పని చేసింది" అని రాశాను. తర్వాత మామూలుగా రాసేది నాకు కంఠతా వచ్చు. నమ్మకస్తురాలు, క్రమశిక్షణ గలది, ఈమె భవిష్యత్తు బాగుండాలని కోరుతున్నాం. ఈమెను కుక్కను తరిమినట్టు తరిమి, ఈమె భవిష్యత్తు బాగుండాలని కోరుతున్నాం.

కలం ఆగిపోయింది. ఎదురుగా కిటికీ. ఊచల అవతల మెట్ల మీద ఖాకీ చొక్కా వీపు. ఆయన పాత కళ్లజోడు కవరులోంచి తీసి, తుడిచి, మళ్లీ కవరులో పెట్టుకుంటున్నాడు. పనికిరాని కళ్లజోడుని ఎవరైనా తుడుస్తారా? నా చేత్తో బిగించినది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. సంతకం సారు మీద, పెద్దాయన మీద, ఆరు రోజులు నోరెత్తకుండా మెట్ల మీద కూర్చున్న ఆ మనిషి మీద, ఆయన పక్క నుంచి దొంగలా దాటి వచ్చిన నా మీద.

అప్పుడు రాశాను. యజమాని రాసినట్టుగానే రాశాను, ఆచారం అదే కదా.

"రోజుకు సుమారు నలభై జతలు బిగించింది. నాలుగు వేల నూట పదిహేడో నంబరు ఆర్డరులో కుడి అద్దం ఎడమకి, ఎడమ అద్దం కుడికి బిగించింది. ఆ రోజు కిటికీ దగ్గర సరిచూడవద్దని నేనే చెప్పాను. సరిచూసినట్టుగా చీటీ మీద నా సంతకం అద్దాలు తయారు కాకముందే పెట్టి ఉంది. ఆ కళ్లజోడుతో డ్రైవరుగారు కంటి పరీక్ష తప్పడానికి ఆయన కళ్లు కారణం కాదు, మా పని కారణం. మిగిలిన అన్ని రోజులూ ఈమె ప్రతి జతనూ సరిచూసింది."

ఒక్క అక్షరం కూడా చిన్నగా రాయలేదు. గుండ్రంగా, స్పష్టంగా, కళ్లజోడు లేని వాళ్లకి కూడా కనపడేలా రాసి, తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.  చదివితే చించేస్తాడు. చించితే నాకు ఉద్యోగమూ లేదు, డ్రైవరుకి స్టీరింగూ లేదు.

సంతకం సారు ఫోనులో ఎవరితోనో సరుకు ఆలస్యం గురించి మాట్లాడుతున్నాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు. చూపు కాగితం అడుగున ఉన్న ఖాళీ మీద ఆగింది, సంతకం చేశాడు. ఎడమ చేత్తో వెళ్లమని సైగ చేశాడు.

నాకు నవ్వు రావాలి. రాలేదు, ఏడుపంత కోపం వచ్చింది. నన్ను బలిచేసిన మనిషి కనీసం నన్ను గురించి రాసిన నాలుగు ముక్కలు చదవలేడా? చదివి, చించి, నన్ను తిట్టి ఉంటే కాస్త గౌరవం ఇచ్చినట్టు ఉండేది.

ముద్ర పెద్దాయన దగ్గర ఉంటుంది. ఆయన కాగితం తీసుకుని, తన అలవాటు ప్రకారం కిటికీ వెలుతురులోకి పట్టి చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం నుంచి చివరిదాకా చదివాడు. "నేనే చెప్పాను" అన్నచోట ఆగి, నా వైపు చూశాడు. నేనూ కళ్లు దించలేదు. చెప్పండి ఇప్పుడైనా అనుకున్నాను. ఆయన ముద్రని ఇంకులో రెండుసార్లు అద్ది, గట్టిగా వేసి, ఆరేదాకా ఊది ఇచ్చాడు.

"ఆ రోజు మాట్లాడాల్సింది" అన్నాడు మెల్లగా.

"అవును, మాట్లాడాల్సింది" అన్నాను. ఓదార్చే ఉద్దేశం నాకు లేదు.

బయటికొచ్చి డ్రైవరు ముందు నిలబడి, "మీ కళ్లజోడు బిగించింది నేనే" అని చెప్పాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "నువ్వా" అన్నాడు. "ఇందాక పక్క నుంచే వెళ్లావు, చెప్పలేదే. మూడు వారాలు తల పగిలిపోయింది నాకు. అద్దంలోంచి చూస్తే ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. వెనక అరవై మంది ఉంటారమ్మా, అరవై మంది. ఎవరికైనా ఏదైనా అయి ఉంటే? నీకేం, ఇది కాకపోతే ఇంకో కొట్టు." చాలాసేపు తిట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. నేను ఎదురు చెప్పలేదు. రెండేళ్లలో నన్ను చాలామంది తిట్టారు గానీ, న్యాయంగా తిట్టిన మొదటి మనిషి ఆయనే. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కాగితం చేతిలో పెట్టాను. కొత్త కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు.

"ఇది నీ ఉద్యోగం కాగితం కదా" అన్నాడు.

"ఇద్దరిదీ. పదండి, జిరాక్స్ తీయిస్తాను."

జిరాక్స్, నా ఫోను నంబరు ఆయనకిచ్చి, ఒరిజినల్ నేను పెట్టుకున్నాను. అంతా తేలిపోయిందనుకున్నాను. ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను. బావ కాగితం చూపించమంటే చూపించలేదు.

శుక్రవారం పదకొండు గంటలకి ఆసుపత్రి ఆఫీసులో ఉన్నాను. గుమాస్తా నా కాగితాలు ఒక్కొక్కటీ తిరగేశాడు. అనుభవ పత్రం వచ్చేసరికి, చదువుతాడేమోనని అతని కళ్లనే చూస్తూ నిలబడ్డాను. చదవలేదు. వేలు నాలుక మీద తడి చేసుకుని ముద్ర మీద రుద్దాడు. ఇంకు కాస్త అంటింది. "ఒరిజినలే" అని తృప్తిపడి, "సాయంత్రం ఎంట్రీ చేస్తాను. అప్పటిదాకా నీ దగ్గరే ఉంచుకో, ఐదు లోపల ఇవ్వు. పోయిందంటే నా పూచీ లేదు" అని తిరిగి ఇచ్చేశాడు. ఇప్పుడే తీసుకోండి అన్నాను. దున్నపోతు మీద వాన.

రెండున్నరకి డ్రైవరు డిపో నుంచి ఫోను చేశాడు. "అమ్మా, జిరాక్స్ కుదరదంటున్నారు. ముద్ర తడి చేసి చూశారు, ఇంకు అంటలేదన్నారు. నీకు చెబుదామని చేశాను, అంతే" అన్నాడు. ఇవ్వమని అడగలేదు. అడిగితే నాకు కాస్త సులువుగా ఉండేది, కాదని అనడానికైనా.

బస్సెక్కాను. ఆసుపత్రి నుంచి డిపో ఎనిమిది స్టాపుల దూరం. చూపించి వెనక్కి తెచ్చేసుకోవచ్చని దారంతా లెక్కలు వేసుకున్నాను. మూడున్నరకి డిపో ఆఫీసులో ఉన్నాను. లోపలి గదిలో డాక్టరు, బయట బల్ల దగ్గర ఇంకో గుమాస్తా, ఆయన ముందు మా డ్రైవరు. నేను కాగితం పెట్టగానే ఆ గుమాస్తా కూడా వేలు తడి చేసుకుని ముద్ర మీద రుద్దాడు. ఇక్కడ కూడా ఎవరూ ఒక్క లైను చదవలేదు.

"సరే, ఫైల్లో పెడతాను. లోపలికి పంపిస్తాను" అన్నాడు.

"చూశారుగా, ఇక జిరాక్స్ పెట్టుకుని ఇది ఇచ్చేయండి. నాకు ఐదు లోపల వేరే చోట కావాలి."

"ఫైల్లో ఒరిజినలే ఉండాలమ్మా. లేకపోతే పరీక్ష పెట్టినందుకు రేపు నన్ను అడుగుతారు. కావాలంటే తీసుకెళ్లు, కాగితం లేదని రాసేస్తాను. ఏదో ఒకటి చెప్పు, డాక్టరు నాలుగింటికి వెళ్లిపోతాడు."

డ్రైవరు నా వైపు తిరిగాడు. "తీసుకుపో అమ్మా. నాకేముంది, రిటైరయ్యేదాకా ఇంకో ఆరేళ్లు గేటు దగ్గర కూర్చుంటే గడిచిపోతుంది. నీకు ఎంతో ముందుంది" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆయన చేయి మాత్రం పాత కళ్లజోడు కవరుని నలిపేస్తోంది.

ఆ మాటతో నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నాకు ముందుంది, ముందుంది అని అందరూ అంటారు. కొరియర్ వాడు అన్నాడు, షోరూం వాళ్లు అన్నారు, మా బావ రోజూ అంటాడు. ముందున్నదంతా నేను చూసుకుంటాను. మీరు వెళ్లి పరీక్షకి కూర్చోండి" అన్నాను. గుమాస్తా వైపు తిరిగి, "పెట్టండి ఫైల్లో. కానీ పెట్టేముందు ఒక్కసారి చదవండి. చేత్తో రాసింది, చదవడం కష్టమేమీ కాదు" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, చదవకుండానే పిన్ను కొట్టాడు.

పరీక్ష పావుగంట పట్టింది. తలుపు సందులోంచి ఆయన అక్షరాలు చదవడం వినపడింది. పెద్ద వరస, దాని కింద వరస, దాని కింద వరస. చివరి వరస దగ్గర కూడా గొంతు ఆగలేదు. ఆయన బల్ల మీద వదిలిన జిరాక్స్ తీసుకుని, బయటికొచ్చి బస్సు కోసం పరుగెత్తాను.

ఐదుకి నాలుగు నిమిషాల ముందు ఆసుపత్రి ఆఫీసులో ఉన్నాను. చెమటలు కారుతున్నాయి. గుమాస్తా రిజిస్టరు తెరిచి, నా పేరు పక్కన కలం ఆనించి, సర్టిఫికెట్ తీసుకున్నాడు, కార్డు తీసుకున్నాడు, జిరాక్స్ తీసుకున్నాడు. వేలు తడి చేసుకుని ముద్ర మీద రుద్దాడు. వేలు చూసుకున్నాడు.

"పొద్దున ఒరిజినల్ ఉందిగా?"

"ఉంది. ఇది దాని నకలే. మీరే చూశారు పొద్దున, మీ వేలికి ఇంకు కూడా అంటింది. ఒక్కసారి చదవండి, అందులో నా గురించి ఉన్నదంతా నిజం."

"చదవడం నా పని కాదు. ఒరిజినల్ ఉంటే ఎంట్రీ, లేకపోతే తర్వాతి పేరు." గోడ గడియారం వైపు చూశాడు. "ఇంకా రెండు నిమిషాలుంది. ఎక్కడ పెట్టావు? ఇంట్లోనా?"

అప్పుడు నా ఫోను మోగింది. డిపో నంబరు. ఎత్తాను. "రేపు పొద్దున ఐదింటి బండి నాదేనమ్మా" అన్నాడు, అంతే, ఇంకేం చెప్పాలో తెలియక పెట్టేశాడు.

"చెప్పమ్మా, ఒరిజినల్ ఎక్కడుంది?"

"డ్యూటీకి వెళ్లింది" అన్నాను.

అతను అర్థం కానట్టు చూసి, నా పేరు మీద గీత కొట్టాడు. నేను నా సర్టిఫికెట్, నా కార్డు, నా జిరాక్స్ వరసగా సర్దుకుని కవరులో పెట్టుకున్నాను.  గుమ్మం దాటేముందు వెనక్కి తిరిగి, ఆ తర్వాతి పేరు ఎవరిదైతే వాళ్లకి చెప్పమన్నాను, ఏ కాగితమైనా సంతకం పెట్టేముందు చదవమని.